నిలబడితే నూట నలభై

జీలుగుపుట్టు,
జి.మాడుగుల మండలం,
6 జులై 2024

ఒలే మెర్లిన్,

పార్సిలు అందింది. సురేంద్ర జీపులో రెండు బియ్యం బస్తాల మధ్య నలిగి, నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. "ఏటి మేడం, సీరలా?" అని అడిగాడు. ఔనన్నాను. మేజోళ్లని చెప్తే ఈ ఎండలో మేజోళ్లేటని అడుగుతాడు. దానికి జవాబు చెప్పడం మొదలెడితే జీపు కదలదు.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరాలేటే అని విసుక్కోకు. ఇక్కడ సిగ్నలు బడి వెనక గుట్ట మీదే దొరుకుతుంది. సాయంత్రం టీచర్లందరూ గుట్టెక్కి, తలో రాయి మీద కూర్చుని ఇళ్లకి మాట్లాడుకుంటారు. నేను సగం ఎక్కేసరికి గుండె చెవుల్లో కొట్టుకుంటుంది, కళ్ల ముందు నల్లచుక్కలు తిరుగుతాయి. అందుకే కాగితం.

సరే, కథ విను. నువ్వు చెప్పినట్టే కాళ్లు నేల మీద పెట్టకుండా, మంచం మీదే తొడుక్కోవడం మొదలెట్టాను. మొదటి రోజు ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. మడమ దగ్గర ఆగిపోయింది. మోకాలి దగ్గర మడత పడింది. తొడల దాకా వచ్చేసరికి ఒళ్లంతా చెమట. ఒలిచిన చేపని మళ్లీ దాని తోలులోకి దూరుస్తున్నట్టుంది. గుండె వేగం తగ్గడానికి తొడుక్కోవలసినదాన్ని తొడుక్కోడానికే గుండె నూట ఇరవైకి పోయింది! నువ్వు పెట్టిన రబ్బరు గ్లవుజులు లేకపోతే విసిరేసేదాన్ని. నడుం దాకా అది, దాని మీద పొట్టకి బెల్టు, దాని మీద లంగా, చీర. అద్దంలో చూసుకుంటే ఎప్పటి నేనే. లోపల మాత్రం ఎవరో రెండు చేతులతో పట్టుకుని నిలబెట్టినట్టు ఉంది.

ఆ రోజు ప్రేయర్లో పదకొండు నిమిషాలు స్తంభానికి ఆనుకోకుండా నిలబడ్డాను. ప్రతిజ్ఞ, వార్తలు, మా హెచ్చెం సత్యకుమారి మేడం ఉపన్యాసం, అన్నీ అయ్యేదాకా. వాచీ చూసుకుంటూనే ఉన్నాను. నాకు ఏడుపొచ్చింది. పిల్లలు చూస్తారని దగ్గాను.

బాత్రూం సంగతి రాయకూడదు గానీ రాస్తాను. డాక్టరుగారేమో రోజుకి మూడు లీటర్ల నీళ్లు తాగమన్నారు. ఆయనకేం తెలుసు, ఇక్కడ ఆరుగురు టీచర్లకి ఒకటే దొడ్డి. వెళ్లిన ప్రతిసారీ బెల్టు విప్పి, అది దించి, మళ్లీ ఎక్కించి వచ్చేసరికి క్లాసులో పిల్లలు రెండు పార్టీలై కొట్టుకుంటుంటారు.

ఎవరికీ చెప్పలేదు. నేను కాంట్రాక్టు దాన్ని. ఏప్రిల్లో మళ్లీ ఆర్డరు రావాలి. నిలబడితే పడిపోయే టీచరని ఎవరైనా పైకి రాస్తే, నిలబడగలిగేవాళ్లు బయట వందమంది ఉన్నారు.

కానీ ఒకటి. ఇన్నేళ్లూ పేరులేని జబ్బుకి నువ్వు పేరు తెచ్చిపెట్టావు. పోయినేడు నువ్వు వెతుక్కుంటూ వచ్చి, చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఆ డాక్టరుకి చూపించకపోతే, పడుకుంటే డెబ్భై ఎనిమిది, నిలబడితే నూట నలభై అని నాకెవరు చెప్పేవారు? దాన్ని పోట్స్ అంటారనీ, నిలబడగానే నెత్తురు కాళ్లలో, పొట్టలో ఉండిపోతే పైకి లాగలేక గుండె పరుగెడుతుందనీ ఎవరు చెప్పేవారు? పాడేరు హాస్టల్లో ఇంటర్ చదివినప్పుడే ఎవరైనా ఒకసారి నా నాడి పట్టుకుని ఉంటే ఎంత బావుండేదో. నీకు గుర్తుందా ఆ రోజులు?

బేగి రాయి.

నీ
రమణి

*

విశాఖపట్నం,
19 జులై

ప్రియమైన రమణికి,

వందనాలు. మా నాన్న పాస్టరు కాబట్టి ఆ మాట రాయకపోతే నా పెన్ను కదలదు.

ఒలిచిన చేప సంగతి మా వార్డులో సిస్టర్లందరికీ చదివి వినిపించాను. పేరు చెప్పలేదులే. ఇప్పుడు నేను చెప్పేది నవ్వకుండా విను. మేజోడుని తాడులా మెలిపెట్టి లాగకు. ముందు లోపలి వైపు బయటికి తిప్పి, మడమ దాకా మడతపెట్టి, అక్కడినించి కొంచెం కొంచెం పైకి సర్దు. గోళ్లు కత్తిరించుకో. పౌడరు రాసుకో, నూనె మాత్రం వద్దు. ఎక్కడా మడత ఉండకూడదు, మడత ఉన్నచోట కోసేస్తుంది. పాదాలు చల్లబడినా, తిమ్మిరెక్కినా తీసెయ్. పడుకునేటప్పుడు తీసెయ్. రెండు జతలు పంపింది ఒకటి ఉతికి ఒకటి తొడుక్కోడానికి, దాచుకోడానికి కాదు. సబ్బునీళ్లలో పిండకుండా ఉతికి, నీడలో ఆరెయ్యి. పొయ్యి మీద ఆరేశావో, రబ్బరు చచ్చిపోతుంది, నేనొచ్చి నిన్ను చంపుతాను. డాక్టరుగారు చెప్పిన ఉప్పు మానకు, ఒంట్లో నీరు నిలబెట్టేది అదే.

రెండోది. హెచ్చెంకి చెప్పెయ్యవే. కళ్లజోడు పెట్టుకున్న టీచరుని ఎవరైనా తీసేస్తున్నారా? ఇదీ అంతే. నువ్వు దాచేకొద్దీ అది దొంగతనంలా కనిపిస్తుంది.

నాకు ఇక్కడ డ్యూటీలు సరిపోతున్నాయి. అరకు ఇంటికి వెళ్లి మూడు నెలలయింది. నాన్న పెళ్లి సంబంధాలంటున్నారు, నేను వినబడనట్టు ఊరుకుంటున్నాను. ఏమిటో ఈ మధ్య ఒక చోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను, నాకు నీ జబ్బు ఏమీ లేకపోయినా.

హాస్టల్ సంగతులు ఇప్పుడెందుకులే.

మెర్లిన్

*

జీలుగుపుట్టు,
25 ఆగస్టు

మెర్లిన్,

ఇరవై రోజులుగా ఒకటే వాన. గోడలు కూడా చెమటలు కక్కుతున్నాయి. నీడలో ఆరెయ్యమన్నావు, ఇక్కడ నీడ తప్ప ఏమీ లేదు, ఆరడమే లేదు. ఒక జత తడి, ఇంకో జత సగం తడి. సగం తడిది రెండు రోజులు తొడుక్కున్నాను. మోకాలి వెనక ఎర్రగా పేలింది, చర్మం ఊడింది. మంగళవారం భరించలేక మేజోళ్లూ బెల్టూ లేకుండానే క్లాసుకి వెళ్లాను. ఎనిమిదో తరగతి, నదుల పాఠం. బోర్డు మీద గోదావరి గీస్తున్నాను. నాసిక్ దగ్గర మొదలెట్టి భద్రాచలం దాకా వచ్చాను. తర్వాత నేల మీద ఉన్నాను.

పిల్లలు నన్ను టీచర్ల గదికి మోసుకెళ్లారు. వంటామె గాలి ఆడాలని చీర వదులు చేసింది. సాయంత్రం తేరుకున్నాక మళ్లీ నిలబడాలి కదా, తలుపు దగ్గరికి వేసి, సంచీలో ఉన్న బెల్టు తీసి బిగించుకుంటున్నాను. ఆమె టీ పట్టుకుని తలుపు తోసుకుని వచ్చింది. చూసింది. నా మొహం చూసింది, నా పొట్ట చూసింది. టీ కింద పెట్టి వెళ్లిపోయింది.

తెల్లారేసరికి బడంతా ఒకటే మాట. "ఆ మేడం కడుపు కట్టేసుకుంటంది." పడిపోవడం, వాంతులు, ఉప్పు నంచుకుని తినడం, పొట్టకి బెల్టు. వాళ్ల లెక్క చక్కగా కుదిరింది. నువ్వు నవ్వకు. నాకు నవ్వు రావడం లేదు. పెళ్లికాని దాన్ని, ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో టీచర్ని. బావి దగ్గరికి వెళ్తే మాటలు ఆగిపోతున్నాయి. పదో తరగతి పిల్లలు నా కళ్లలోకి చూడకుండా నా నడుం వైపు చూస్తున్నారు.

హెచ్చెం మేడం పిలిచారు. "ఏమైనా చెప్పాలా రమణీ?" అని అడిగారు. చెడ్డగా అడగలేదు. చెప్పెయ్యొచ్చు, బెల్టు చూపించెయ్యొచ్చు, రిపోర్టు పెట్టెలోనే ఉంది. "ఏమీ లేదు మేడం, నీరసం," అని వచ్చేశాను. ఎందుకలా అన్నానో నాకు తెలుసు. ఈ పుకారు తొమ్మిది నెలల్లో దానంతటదే అబద్ధమవుతుంది. జబ్బు అలా అవదు కదా.

పిరికిదాన్నని తిట్టు. తిట్టినా పరవాలేదు, రాయి. నువ్వు రాయకపోతే నేను గదిలో ఈ గోడ నించి ఆ గోడకి తిరుగుతూ ఉంటాను. తిరిగినా ఆయాసమే.

రమణి

*

విశాఖపట్నం,
5 సెప్టెంబరు

రమణీ,

ముందు పుండు సంగతి. మానేదాకా ఆ చోట బిగువు వద్దు. ఆ రోజుల్లో కూర్చుని పాఠం చెప్పు. పొట్ట బెల్టు ఒక్కటే కట్టుకున్నా కొంత పని చేస్తుంది, బనీను మీద కట్టుకో. మేజోళ్లు పొడి తువ్వాల్లో చుట్టి తొక్కు, సగం నీరు అది పీల్చేస్తుంది.

నిన్ను తిట్టను. నిన్ను పిరికిదానివనే అర్హత నాకు లేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ వంటామె మీద నాకు కోపం రావాలి. వచ్చింది. తర్వాత ఆ కోపం ఎక్కడికో పోయింది. ఒక మనిషి గురించి ఒక మాట అనడం ఎంత తేలికో అని అనిపించింది. అన్నవాళ్లు టీ కింద పెట్టి వెళ్లిపోతారు.

నీకు ఒక సంగతి రాయాలి. ఇవాళ కాదు. డ్యూటీకి టైమయింది.

మెర్లిన్

*

జీలుగుపుట్టు,
3 అక్టోబరు

మెర్లిన్,

ఏదో రాయాలన్నావు, రాయలేదు. పెళ్లి కుదిరిందా? సర్లే, నా గొడవ విను, ఇది వేరే.

చిట్టెమ్మ అని తొమ్మిదో తరగతి పిల్ల. బక్కగా, పొడుగ్గా ఉంటుంది, లెక్కల్లో గట్టిది. పోయిన నెలలో రెండుసార్లు ప్రేయర్లో పడిపోయింది. మొన్న నీళ్ల లైనులో మళ్లీ. వంటామె, "ఏసాలు! పని తప్పించుకోడానికి," అంది. మిగతా పిల్లలు కూడా దూరంగా ఉంటున్నారు, కొందరు దెయ్యమంటున్నారు. వాళ్ల నాన్న గాసి కొండవతల చోడి పండించుకునే రైతు. ఒకసారి తీసుకెళ్లి ఊళ్లో పూజలు చేసే దిసారి చేత పూజ చేయించి, కోడిని కోయించి, మళ్లీ తెచ్చి దింపాడు. మండలం ఆసుపత్రికి తీసుకెళ్తే బలానికి మాత్రలిచ్చి పంపారట.

నిన్న దాన్ని నా గదిలో కూర్చోబెట్టి నాడి చూశాను. కూర్చుంటే తొంభై ఆరు. నిలబెట్టాను. రెండు నిమిషాలకే నూట నలభై ఎనిమిది. నా వేళ్ల కింద ఆ పరుగు నాకు ఎంత తెలిసిందో! నా గుండె తీసి దాని చేతిలో పెట్టినట్టుంది. "నాను ఏసం ఎయ్యట్లేదు మేడం," అంది. నేనేమీ అడగకుండానే అంది.

ఇవాళ స్టాఫ్ మీటింగులో హెచ్చెం మేడం, "ఆ పిల్లని ఇంటికి పంపేద్దాం. రేపేదైనా అయితే మనమే బాధ్యులం. వేషమైతే ఇంటికి పంపితే అదే కుదురుతుంది," అన్నారు. అందరూ తలూపారు. నేను నోరు తెరిచాను. నాడి అంకె నోటిదాకా వచ్చింది. నీకెలా తెలుసమ్మా అంటారు. ఎలా తెలుసో చెప్పాలి. మూసుకున్నాను.

మెర్లిన్, నేను కూడా తలూపాను. ఊపానో లేదో నాకే తెలీదు, కానీ కిందకి చూశాను, అది ఊపినట్టే.

సంతరోజు చూసి, ఏదో ఒక గురువారం వాళ్ల నాన్నని పిలిపిస్తారు. నేనేం చెయ్యాలో నువ్వు చెప్పు. నువ్వే చెప్పాలి.

రమణి

*

విశాఖపట్నం,
14 అక్టోబరు

రమణీ,

నువ్వే చెప్పాలి అని రాశావు. సరే. ఎనిమిదేళ్లుగా చెప్పాల్సింది చెప్తాను.

ఇంటర్ రెండో సంవత్సరం, జనవరి. నువ్వు ప్రేయర్లో మూడోసారి పడిపోయావు. వార్డెన్ నన్ను ఆఫీసు గదికి పిలిచింది. "పక్క మంచం నీదే కదా. నిజం చెప్పు. ఆ గుంట నిజంగా పడుతోందా, వేషమా?" అని అడిగింది. నేను, "వేషమే మేడం," అన్నాను.

ఎందుకన్నానో కూడా రాస్తాను, తగ్గించుకోడానికి కాదు. అప్పటికి నెల రోజులుగా నీ బక్కెట్టు నేనే మోస్తున్నాను. నీ వంతు గదులు నేనే ఊడుస్తున్నాను. ఆ పొద్దున చల్లనీళ్లతో వరండా కడిగి వచ్చాను, చేతులు కొంకర్లు పోయాయి. నువ్వు దుప్పటి కప్పుకుని కాళ్లు గోడకి ఆనించి పడుకుని ఉన్నావు. ఒళ్లు మండింది. అంతే. ఆవిడ అడగగానే వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేదు, తీసుకోడానికి టైముండి కూడా. రెండు రోజులు టైముంది.

మూడోరోజు మీ అమ్మని పిలిపించారు. నువ్వు ట్రంకుపెట్టె ఒక చివర, మీ అమ్మ ఒక చివర పట్టుకుని గేటు దాటారు. నువ్వు వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపావు. నేనూ ఊపాను. ఆ ఏడు నీకు పరీక్షలు పోయాయి. నర్సింగుకి ఇద్దరం కలిసి వెళ్దామనుకున్నాం. నేను వెళ్లాను.

ట్రైనింగు మూడో ఏడులో ఒక పేషెంటుని నిలబెట్టి నాడి చూస్తుంటే అంకె ఆగకుండా పెరిగిపోయింది. సీనియర్ సిస్టరు ఆ జబ్బు పేరు చెప్పింది. నాకు నీ మంచం గుర్తొచ్చింది, గోడకి ఆనించిన నీ కాళ్లు గుర్తొచ్చాయి. నిన్ను వెతుక్కుంటూ వచ్చింది ఆ తర్వాత ఇంకో మూడేళ్లకి. ఆ మూడేళ్లూ ధైర్యం లేక. వచ్చాక నువ్వు నన్ను వాటేసుకుని, స్నేహితురాలంటే ఇదీ అన్నావు. ఆ మాట మీద నేను ఇంకో ఏడాది బతికాను.

ఆ పిల్ల విషయంలో నేను చేసింది నువ్వు చెయ్యకు. నువ్వు కిందకి చూశానన్నావే, ఇంకా టైముంది.

మెర్లిన్

*

జీలుగుపుట్టు,
16 నవంబరు

మెర్లిన్‌కి,

ఉత్తరం అంది నెల కావస్తోంది. జవాబు రాయడానికి నాలుగుసార్లు కూర్చున్నాను. నాలుగు కాగితాలూ చింపాను. ఇందులో నీ గురించి ఏమీ రాయను. జరిగింది రాస్తాను, పని ఉంది కాబట్టి.

పోయిన గురువారం గాసి వచ్చాడు. హెచ్చెం గదిలో మేడం, గాసి, గోడకి ఆనుకుని చిట్టెమ్మ, గుమ్మంలో వంటామె. నేను హాజరు పట్టీ ఇవ్వడానికి వెళ్లినట్టు వెళ్లాను. గాసి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"దిసారేమో దెయ్యమంతాడు. మీరు ఏసమంతన్నారు. నానేటి సెయ్యాల తల్లీ? కొట్టమంతారా, పూజ సెయ్యమంతారా?" అన్నాడు.

చిట్టెమ్మ ఏడవలేదు. నేల చూస్తోంది.

"వేషం కాదు మేడం," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "మీరే లెక్కపెట్టండి." మేడం చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ పిల్ల మణికట్టు మీద పెట్టాను. ఆవిడ తన వాచీ చూసుకుంటూ లెక్కపెట్టారు. నిలబడితే నూట యాభై. మళ్లీ లెక్కపెట్టారు. అంతే. "ఇలా ఎవరైనా కావాలని చెయ్యగలరా మేడం?" అని అడిగాను. "నీకెలా తెలుసు ఇదంతా?" అన్నారు.

వచ్చింది ఆ ప్రశ్న. చీర కుచ్చిళ్లు పట్టుకుని మోకాలి దాకా ఎత్తాను. గాసి గబుక్కున గోడ వైపు తిరిగిపోయాడు. "నాకు ఎనిమిదేళ్లుగా ఉంది. దీనికి మందుల్లాంటివే ఈ మేజోళ్లు. పొట్టకి కట్టేదీ ఇందుకే. నా కడుపులో ఏమీ లేదు, పొద్దున తిన్న అంబలి తప్ప."

వంటామె, "ఓలమ్మ! అలగేటి!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మేడం, "చేరినప్పుడు రాయలేదేం?" అన్నారు. రాయలేదన్నాను. "నేనిప్పుడు పైకి రాయాల్సి ఉంటుంది రమణీ. తెలిసి దాచానంటే నా ఉద్యోగం." "రాయండి మేడం. ఆ పిల్లది వేషమని మాత్రం రాయకండి," అన్నాను. అని గదిలోకి వచ్చి పడుకున్నాను. మూడు గంటలు లేవలేకపోయాను.

పని ఏమిటంటే, చిట్టెమ్మని విశాఖ ఆసుపత్రికి పంపుతున్నాను. సోమవారం గాసి సురేంద్ర జీపులో బయల్దేరి, అక్కడినించి బస్సులో తీసుకొస్తాడు. నీ వార్డు నంబరు రాసిచ్చాను, ఈ ఉత్తరమూ ఆయన చేతికే ఇస్తున్నాను. ఆయనకి చదువు రాదు, పట్నం తెలీదు. ఓపీ చీటీ దగ్గర్నుంచీ నువ్వు పక్కనుండాలి. నాకున్నదే దానికీ ఉందని నా అనుమానం. నీకు ఇవ్వాలని లేదు ఈ పని. కానీ నాకు తెలిసిన నర్సు నువ్వొక్కదానివే.

నాకు ఇంక ఏమీ పంపకు.

రమణి

*

విశాఖపట్నం,
30 నవంబరు

రమణికి,

వాళ్లు మంగళవారం పొద్దున ఆరింటికే వచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నారు. సెలవు పెట్టి దగ్గరుండి చూపించాను.

నీ అనుమానం తప్పు. అది నీ జబ్బు కాదు. చిట్టెమ్మ ఒంట్లో రక్తం నాలుగున్నర గ్రాములుంది. పన్నెండు ఉండాల్సింది. కడుపులో కొంకిపురుగులు, ఎప్పట్నుంచో. గుండె పరుగెట్టేది ఉన్న కాస్త నెత్తుర్నీ తిప్పడానికి. డాక్టరమ్మ కనురెప్ప కిందకి లాగి చూసి, నా వైపు తిరిగి, "ఇన్నాళ్లూ ఎవరూ చూళ్లేదా?" అని అరిచింది. ఇంకొన్నాళ్లు అలాగే వదిలేస్తే గుండె దెబ్బతినేదట. రెండుసార్లు రక్తం ఎక్కించారు. పురుగులకి మందిచ్చారు. మేజోళ్లు దానికి అక్కర్లేదు. ఇంకో వారంలో పంపేస్తారు, మాత్రలు మాత్రం నెలల తరబడి మింగాలి. నువ్వు మింగించాలి.

మిగతా పిల్లలందరికీ కూడా రక్తపరీక్ష చేయించమని డాక్టరమ్మ మీ హెచ్చెంకి ఉత్తరం రాసిచ్చింది. గాసి చేతికిచ్చాను.

గాసి నాతో ఒక మాట అన్నాడు. "ఆ మేడం సీరెత్తి కాలు సూపించినాది. అంత సిగ్గు ఇడిసి సెప్పిందంటే అబద్దం కాదనుకున్నాను. నేకపోతే మా గుంటని ఇంటికి తోలుకుపోదును," అన్నాడు. నీకు చెప్పమనలేదు. నేనే చెప్తున్నాను.

ఇంకొకటి. మన వార్డెన్ రిటైరై అనకాపల్లిలో ఉంటోంది. పోయిన ఆదివారం వెళ్లాను. నేను ఆ రోజు అబద్ధం చెప్పానని చెప్పాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, "ఏ రమణి?" అంది. ఎంత చెప్పినా నువ్వు గుర్తు రాలేదు. చాలామందిని పంపేశానమ్మా, అంది. నేను తిరిగి బస్సెక్కాను. బస్సులో కూర్చోలేక, ఖాళీ సీట్లున్నా, ఏ ఊళ్లు దాటానో కూడా తెలీకుండా నిలబడే వచ్చాను.

ఏమీ పంపొద్దన్నావు. పంపను.

మెర్లిన్

*

పెదగరువు,
చింతపల్లి మండలం,
22 డిసెంబరు

మెర్లిన్,

రెండు రోజుల సెలవుకి ఇంటికొచ్చాను. కాఫీ పండ్లు ఎర్రబడ్డాయి, అమ్మ ఒక్కతీ కోసుకోలేకపోతోంది. చలికి వేళ్లు వంగడం లేదు, అక్షరాలు వంకరగా ఉంటే చలి అనుకో.

చిట్టెమ్మ వచ్చింది. పెదాలకి రంగు వచ్చింది. పరిగెడుతోంది, వద్దంటే వినదు. బళ్లో అందరికీ రక్తపరీక్షలు చేశారు. ఇంకో పదకొండు మంది పిల్లలు తేలారు. వంటామె ఇప్పుడు వాళ్లకి మాత్రలు మింగించి, నోళ్లు తెరిపించి మరీ చూస్తోంది. నా గ్లాసులో ఉప్పు తనే కలిపి పెడుతోంది, ఎక్కువే కలుపుతోంది.

హెచ్చెం మేడం పైకి రాశారు. ఏం రాశారో కూడా చూపించారు. ఉన్న జబ్బు ఉన్నట్టే రాసి, కింద, "కుర్చీ ఇచ్చినచో బోధనకు ఆటంకము లేదు," అని రాశారు. జనవరిలో పాడేరులో మెడికల్ బోర్డుకి వెళ్లాలి. ఉంచుతారో తీసేస్తారో తెలీదు. క్లాసులో కుర్చీ అయితే వేశారు. కూర్చుని చెప్తుంటే వెనక బెంచీ వాళ్లు అల్లరి చేస్తున్నారు. లేచి నిలబడతాను, మళ్లీ కూర్చుంటాను. పీరియడంతా ఇదే పని.

నీ సంగతి. క్షమించావా అని నన్ను అడగొద్దు. ఒకరోజు పొద్దున లేచేసరికి నీ మీద ఏమీ ఉండదు. అదే రోజు మధ్యాహ్నం ఆ ట్రంకుపెట్టె గుర్తొచ్చి, నీకు మొదలెట్టిన ఉత్తరం చింపేస్తాను. నువ్వు నర్సు దుస్తుల్లో ఉన్నట్టు తలుచుకుంటే నా కడుపు మండుతుంది. నీ వార్డు నంబరు రాసిచ్చిన చెయ్యీ నాదే. రెండూ ఉన్నాయి. ప్రస్తుతానికి ఇంతే చెప్పగలను. కానీ ఉత్తరాలు మానకు. నువ్వు రాయని నెల రోజులూ, నేను రాయని నెల రోజులూ, నాకు అస్సలు బాగోలేదు.

ఇప్పుడు అసలు విషయం. నిన్న వాకిట్లో కూర్చుని కాఫీ పండ్లు ఏరుతున్నాం. నీ అక్టోబరు ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. నన్ను హాస్టల్ నించి పంపేసింది ఒంట్లో బాగోలేకనే అని అమ్మ అనుకుంటోందని ఇన్నాళ్లూ నా నమ్మకం. వేషమే అన్న మాట దగ్గర కోపంతో రెండుసార్లు చదివాను. అమ్మ చేతులు ఆగలేదు. పచ్చివి ఒక పక్క, పండువి ఒక పక్క వేస్తూనే ఉంది.

చదవడం అయ్యాక, "నాకెరికే," అంది.

"ఏటి ఎరిక?"

"ఆ వార్డెనమ్మ ఆరోజే సెప్పింది. నీ కూతురు ఏసాలేత్తంది, నీ పెంపకం అలగుందని అన్నాది. నాను ఆవిడ కాళ్లు పట్టుకున్నాను. బస్సు దిగి ఊళ్లోకి నడిసొచ్చినప్పుడు నిన్ను కొట్టినాను, గేపకముందా?"

జ్ఞాపకం ఉంది. ఎందుకు కొడుతోందో తెలీక ఏడ్చాను. పెట్టె మొయ్యలేక కూలబడ్డానని కొట్టిందనుకున్నాను ఇన్నేళ్లూ.

"మరి అప్పుడు నాకోసం దిసారిని ఎందుకు పిలిచావు? పూజలెందుకు చేయించావు?"

"ఊరోళ్ల కోసం. ఏసమంటే పరువు పోతాది. దెయ్యమంటే పోదు కదా." అని పండ్ల గంప దగ్గరికి లాక్కుంది. కాసేపటికి, నా వైపు చూడకుండా, "ఆ గుంట ఒక్క మాటన్నాది. నాను ఎనిమిదేళ్లు నమ్మినాను. నువ్వు ఆ డాకటరు కాగితం తెచ్చి సూపించినా సగం నమ్మలేదు," అంది.

నేను లేచి లోపలికి వెళ్లిపోయాను. రాత్రి అన్నం తినలేదు. అమ్మా పిలవలేదు.

ఇవాళ పొద్దున మెలకువ వచ్చేసరికి పొగమంచు తలుపు దాకా ఉంది. అమ్మ నా మంచం కాళ్ల వైపు కూర్చుని ఉంది. ఒళ్లో మేజోళ్లు. వాటిని రెండు చేతుల్తో సాగదీసి, లోపలికి చూసి, మడమ ఎక్కడో, వేళ్లు ఎక్కడో తడుముకుంటోంది. కాఫీ పండ్ల జిగురుకి నల్లబడిన వేళ్లు. ఎప్పటినించి కూర్చుందో తెలీదు. నేను లేచానని చూసింది. దుప్పటి నా మోకాళ్ల దాకా తీసి అడిగింది.

"ఏ కాలు ముందు?"

కుడికాలు చాపాను.

రమణి